చేపల గుంటకు సున్నం కొట్టిన కొండముచ్చు

వెదుళ్ళకోన అడవిలో ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఒకటే సందడి! ఏనుగులు, దుప్పులు, కుందేళ్ళు, ముంగిసలు, ఉడతలు, అడవిపందులు, అన్నీ నీళ్ళ చుట్టూనే తిరుగుతుండేవి. ఆ కోనలో కొండరాళ్ళ సందులోంచి ఒక ఊట ఏడాది పొడుగునా పారుతూ ఉండేది. ఊటకు దగ్గరలో రెండు ఇళ్ళుండేవి. ఒకటి కొండముచ్చు పైడిరాజుది, రెండోది ముళ్ళపంది నూకాలమ్మది.

ఇద్దరి పెరళ్ళలోనూ నీళ్ళున్నాయి. కానీ ఆ నీళ్ళకూ ఈ నీళ్ళకూ పోలికే లేదు.

పైడిరాజు పెరట్లో ఉన్నది ఈతకొలను. అడుగున తెల్లరాళ్ళు పరిచి, గోడలకు నత్తగుల్లల సున్నం కొట్టి, ఊట నీళ్ళు ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కనుంచి పోయేలా కాలువలు తీసి, ఎంతో ముచ్చటగా కట్టుకున్నాడు. పొద్దున లేస్తూనే వెదురు జల్లెడతో రాలిన ఆకులన్నీ ఏరేసేవాడు. తాటిపీచుతో గోడలు తోమేవాడు. కాస్త పాచి కనబడినా ఊరుకునేవాడు కాదు, పిల్లలు కాలుజారి పడతారని. మంచి పనే కదా! కాదని ఎవరంటారు?

నూకాలమ్మ పెరట్లో ఉన్నది చేపల గుంట. అందులో నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉండేవి. ఒక మూల తామరాకులు, ఇంకో మూల గుబురుగా నాచు, అంచుల నిండా నత్తలు. కిందటి ఎండాకాలం వాగు ఎండిపోయి, చేపలు బురదలో కొట్టుకుంటుంటే నూకాలమ్మ చూడలేకపోయింది. సొరకాయ బుర్రల్లో నీళ్ళు నింపుకుని, వాటిలో చేపల్ని మోసుకొచ్చి ఈ గుంటలో వేసి బతికించింది. అన్నిటిలోకీ పెద్దది శీలావతి చేప. నూకాలమ్మ గట్టు మీదికి వస్తే చాలు, శీలావతి పిల్లచేపలన్నిటినీ వెంటేసుకుని పైకి వచ్చేసేది. నూకాలమ్మకు ఆ చేపలంటే ప్రాణం.

పైడిరాజు మాత్రం ఆ గుంటను చూసినప్పుడల్లా ముక్కు మూసుకునేవాడు.

"ఇవేం నీళ్ళక్కా! గోంగూర ఉడకబెట్టి వంచినట్టున్నాయి. నా కొలను చూడు, అడుగున చీమ పాకినా కనబడుతుంది!" అనేవాడు.

"నీది ఈతకొట్టి పోయేవాళ్ళకు తమ్ముడూ! నాది అందులోనే కాపురం ఉండేవాళ్ళకు," అని నూకాలమ్మ నవ్వేసేది.

పైడిరాజు ఆ మాట చెవిన వేసుకుంటేగా!

ఆ ఏడు ఈతల పండుగ దగ్గరపడింది. ఏటా ఆ పండుగ పైడిరాజు కొలనులోనే జరిగేది. ఈసారి అవతలి కోనలోని ఏనుగుల మంద కూడా వస్తుందని కబురొచ్చింది. ఇంకేముంది! పైడిరాజు కాలు నేలమీద నిలవలేదు. పొద్దున తోమిన గోడనే మధ్యాహ్నం మళ్ళీ తోమాడు. కుందేలు పిల్లలు ఎదురుపడితే ఆపి మరీ పండుగ కబుర్లు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే నూకాలమ్మకు కూతురి దగ్గరనుంచి కబురు వచ్చింది, పురిటి రోజులు దగ్గరపడ్డాయని. ఆమె గబగబా బయలుదేరుతూ పైడిరాజును పిలిచింది.

"తమ్ముడూ, నేను పురుడుపోసి వచ్చేస్తాను. అంతవరకూ నా పిల్లల్ని నీ చేతుల్లో పెడుతున్నాను. పొద్దునపూట గుప్పెడు వెదురునూక చల్లు. ఎండ మరీ మండిపోతుంటే కాసిని ఊటనీళ్ళు వదులు. అంతకుమించి ఏమీ చేయకు."

"ఓస్, అంతేనా? నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా అక్కా!" అన్నాడు పైడిరాజు.

మొదట్లో చెప్పినట్టే చేశాడు. పాపం, నూక కూడా సరిగ్గా గుప్పెడే చల్లాడు. కానీ ఒకరోజు గట్టు మీద నిలబడి అటు తన కొలనునూ ఇటు చేపల గుంటనూ మార్చి మార్చి చూశాడు. పండుగకు వచ్చినవాళ్ళంతా తన కొలను పక్కనే ఈ పచ్చనీళ్ళనూ చూస్తారు! అది తలుచుకుంటే వాడికి తల కొట్టేసినట్టయింది. అంతలోనే ఒక ఆలోచన వచ్చి ఎగిరి గంతేశాడు.

"అక్క వచ్చేసరికి ఈ గుంటను అద్దంలా చేసేస్తాను! చూసి నోరెళ్ళబెట్టాలి!"

వాడి మనసులో చెడేమీ లేదర్రా. నూకాలక్క సంతోషపడుతుందనే నిజంగా అనుకున్నాడు. కుందేలు పిల్లల్ని, ఉడతల్ని, ముంగిసల్ని కేకేసి పిలిచాడు. అందరూ కేరింతలు కొడుతూ పనికి దిగారు.

శీలావతి చేప కంగారుగా పైకి వచ్చింది.

"పైడిరాజు బాబూ, వద్దు! ఆ నాచులోనే మా తిండి ఉంది. ఆ ఆకుల కిందే మాకు నీడ. కొత్తనీళ్ళు ఒక్కసారిగా మార్చేస్తే మా ఒంటికి పడవు," అని బతిమాలింది.

"పాచిలో ఉండి ఉండి మీకు అదే బాగుందనిపిస్తోంది. ఒక్కసారి శుభ్రమైన నీళ్ళలో ఈది చూడు, అప్పుడు తెలుస్తుంది! అయినా నీళ్ళ సంగతి నాకా చెబుతావు?" అన్నాడు పైడిరాజు.

చేపల్ని పట్టి సొరకాయ బుర్రల్లో కుక్కారు. గట్టుకు గండికొట్టి, పచ్చనీళ్ళన్నీ పల్లంలో ఉన్న ఏనుగుల మడుగులోకి వదిలేశారు. నాచూ తామరాకులూ పీకి కుప్పపోశారు. నత్తల్ని ఏరి దూరంగా పారేశారు. గండి పూడ్చి, గోడలు తోమి, పైనుంచి కిందిదాకా తెల్లగా సున్నం కొట్టారు.

తన కొలనుకైతే పైడిరాజు ఎంత జాగ్రత్తపడేవాడో! సున్నం బాగా ఆరనిచ్చి, నీళ్ళు నింపి పారబోసి, మళ్ళీ నింపి, అప్పుడు గానీ ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. ఆ రోజు అంత ఓపిక ఎక్కడిది? ఇరుకు బుర్రల్లో చేపలు కొట్టుకుంటున్నాయి, చుట్టూ పిల్లలు తొందరపెడుతున్నారు. సున్నం తడి ఆరకముందే ఊటనీళ్ళు నింపేసి, చేపల్ని ఒక్క ఊపున అందులోకి వంపేశాడు.

"భలే! భలే!" అని పిల్లలు ఎగిరి చప్పట్లు కొట్టారు. నిజంగానే చూడ్డానికి ఎంత బాగుందో! తెల్లటి గుంటలో చేపలన్నీ మిలమిలా మెరుస్తూ కనబడ్డాయి. పైడిరాజు ఛాతీ విరుచుకుని గట్టు మీద అటూ ఇటూ నడిచాడు.

చేపలు పిల్లలకే కనబడితే బాగుండేది. పైన ఎగిరే లకుముకిపిట్టకూ కనబడ్డాయి!

పచ్చనీళ్ళలో దానికి ఇన్నాళ్ళూ ఏమీ అగుపించేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క చేపా విడివిడిగా కనిపించేసరికి పిట్టకు పండగే అయింది. రివ్వున దూకింది. బుడుంగుమని మునిగి, ముక్కున ఒక పిల్లచేపను కరుచుకుని లేచింది. దాన్ని చూసి కొంగలు దిగాయి. కొంగల్ని చూసి నీటికాకులు దిగాయి. చేపలు దాక్కుందామంటే ఒక్క ఆకైనా లేదు!

"హోయ్! హోయ్! పొండి!" అంటూ పైడిరాజు చేతులు ఊపుతూ గట్టు చుట్టూ పరుగెత్తాడు. ఇటు తరిమితే అటు దిగాయి, అటు తరిమితే ఇటు దిగాయి. తోక ఝాడిస్తూ తనే నీళ్ళలోకి దూకాడు. సున్నం ఘాటుకు కళ్ళు భగ్గుమన్నాయి. "అమ్మో, నా కళ్ళు!" అంటూ ఒక్క గెంతులో గట్టెక్కాడు.

అప్పుడు గానీ వాడికి తట్టలేదు, ఆ నీళ్ళలో చేపలు ఎలా ఉన్నాయో!

ఎండ నడినెత్తికి వచ్చింది. చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు బయటపెట్టి గుటకలు వేస్తున్నాయి. పైడిరాజుకు ఏం చేయాలో తోచలేదు. ఆకలేమో అనుకుని బుట్టెడు నూక తెచ్చి గుమ్మరించాడు. ఒక్క చేపా ముట్టుకోలేదు. నూక నాని నీళ్ళు ఇంకా పాడయ్యాయి. పిల్లల కేరింతలు ఆగిపోయాయి. ఒక కుందేలు పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు నూకాలమ్మ వచ్చింది. మనవలు పుట్టారన్న సంతోషంతో నవ్వుతూ వచ్చింది. గట్టెక్కి చూసింది. నవ్వు ఎగిరిపోయింది.

"నా పిల్లలు! అయ్యో, నా పిల్లలు!"

పైడిరాజు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నీకు బాగుంటుందని చేశానక్కా! నిజంగా బాగుంటుందనే..."

"తిట్టాలంటే తర్వాత తీరిగ్గా తిడతాను, ముందు లే!" అంది నూకాలమ్మ. "వీటికి సున్నం తగలని నీళ్ళు కావాలి. పారే నీళ్ళు కావాలి. నీడ కావాలి. అవి ఇక్కడికి దగ్గరలో ఎక్కడున్నాయి?"

అందరూ ఒక్కసారిగా పైడిరాజు కొలను వైపు తిరిగారు. దాని గోడల సున్నం ఎప్పుడో ఆరి, నీళ్ళు ఎన్నోసార్లు మారాయి. ఊట అందులోంచే గలగలా పారుతోంది.

"నా కొలనులోకా? అక్కా, పండుగ దగ్గరికొచ్చేసింది! ఆ నాచూ ఆకులూ వేస్తే నా కొలను పచ్చబడిపోతుంది!"

"అవును, పచ్చబడిపోతుంది," అంది నూకాలమ్మ.

పైడిరాజు తన కొలనును చూశాడు. ఒక్కొక్క రాయీ తనే ఏరి తెచ్చాడు. ఇటు గుంటలో శీలావతి మెల్లగా పక్కకు ఒరిగింది, తెల్లటి పొట్ట పైకి కనబడింది. కళ్ళు తుడుచుకుని అరిచాడు.

"చూస్తూ నిలబడ్డారేంటర్రా? బుర్రలు తెండి! మోయండి!"

ఇక చూడాలి ఆ పరుగులు! ముందు బుర్ర పైడిరాజే ఎత్తుకున్నాడు. ఉడతలు కుప్పలోని తామరాకుల్ని ఈడ్చుకొచ్చి కొలనులో పరిచాయి. ముంగిసలు నాచు మోశాయి. కేకలు విని వచ్చిన ఆ కోన ఏనుగు పెద్దయ్య మడుగులోని పచ్చనీళ్ళు తొండం నిండా పీల్చుకొచ్చి కొలనులో చిమ్మాడు. కొంగలు మళ్ళీ దిగబోతే నూకాలమ్మ ముళ్ళన్నీ నిక్కబొడిచి గలగలలాడించింది. ఆ చప్పుడుకు ఒక్క కొంగ కూడా దగ్గరికి రాలేదు.

పైడిరాజు బుర్రను గబుక్కున వంపబోయాడు.

"ఆగు! వంపకు!" అని నూకాలమ్మ అరిచింది. "బుర్రను నీళ్ళ మీద తేలనివ్వు. కొలను నీళ్ళు కాసిని కాసినిగా లోపల పొయ్యి. కొత్తనీళ్ళు ఒంటికి పట్టాక చేప దానంతట అదే బయటికి వస్తుంది."

పైడిరాజు బుర్రను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చేపలు ఒకదాని వెనుక ఒకటి మెల్లగా బయటికి జారుకుని, ఆకుల కిందికి చేరాయి. చివరికి శీలావతి వంతు వచ్చింది. బుర్ర తేలుతోంది, శీలావతి కదలడంలేదు. నూకాలమ్మ నీళ్ళమీదికి వంగి, "శీలావతీ, నేనమ్మా, వచ్చేశాను," అంది.

తోక కొంచెం కదిలింది. మళ్ళీ కదిలింది. సర్రుమని తామరాకుల కిందికి దూసుకుపోయింది!

కోనంతా దద్దరిల్లిపోయేలా కేకలు వేశారు. ఏనుగు పెద్దయ్య ఆ సంబరంలో అందరినీ తడిపేశాడు. కానీ పిట్టలు ఎత్తుకుపోయిన పిల్లచేపలు మాత్రం తిరిగి రాలేదు. వాటిని తలుచుకుని నూకాలమ్మ ఏడ్చింది. ఆమె పక్కన తల ఎత్తకుండా కూర్చుని పైడిరాజూ ఏడ్చాడు.

"మరి ఈతల పండుగ ఎలా?" అని కుందేలు పిల్ల చిన్నగా అడిగింది.

నూకాలమ్మ కళ్ళు తుడుచుకుని తన తెల్లటి గుంట వైపు చూసింది. "వానలు పడి, నాచు పట్టేదాకా అది చేపలకు పనికిరాదు. నీళ్ళు నింపి పారబోసి, ఘాటు పోయేదాకా మళ్ళీ మళ్ళీ నింపుదాం. ఈ ఏడు అందులో ఈదండి!"

పండుగ కొన్నాళ్ళు వెనక్కి జరిగింది, అంతే. అవతలి కోన ఏనుగులు ఊరేగింపుగా వచ్చాయి. కుందేళ్ళు బుడుంగు బుడుంగున దూకాయి. దుప్పులు పందెం వేసుకుని ఈదాయి. ఇంత చక్కటి కొలను ఎవరిదంటే నూకాలమ్మదని చెప్పి, ఆమె మెడలో అడవిమల్లెల దండ వేశారు. ముళ్ళకు గుచ్చుకుని దండలో సగం పూలు రాలాయి, అయినా ఎంత మురిసిపోయిందో ఆవిడ!

పైడిరాజు మాత్రం ఈతకు రాలేదు. పండుగ పెద్దరికం పోయింది, అద్దంలాంటి కొలనూ పోయింది. ఒక కర్ర పట్టుకుని, పచ్చబడ్డ తన కొలను గట్టున కొంగలకు కాపలా కూర్చున్నాడు. అవతలి కోన ఏనుగు పెద్ద అటు వచ్చి బిగ్గరగా ఘీంకరించాడు.

"ఏం పైడిరాజూ! నీ కొలను ఇలా పచ్చబడిపోయిందేం?"

పైడిరాజు చప్పున లేచి నోటిమీద వేలు పెట్టుకున్నాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"ష్! మెల్లగా మాట్లాడండి పెద్దయ్యా! శీలావతమ్మ ఇన్నాళ్ళకు ఇవాళే నా చేతి మేత ముట్టుకుంది!"

నీతి: మనకు నచ్చిందల్లా ఎదుటివారికి మేలు చేయదు; మేలు చేయాలనుకున్నప్పుడు వారికేం కావాలో ముందు వారినే అడిగి, వారి మాట వినాలి.