మీట దించే చెయ్యి

సుంకమ్మకు తుపాకుల గురించి తెలియనిదంటూ లేదు. వాటిని ముట్టుకోవడమే చేతకావడం లేదు.

జిల్లా పోలీసు ఆయుధాగారంలో ఆమె చేరి నెలయింది. శిక్షణలో పుస్తకం మొత్తం గడగడా అప్పజెప్పి అందరికంటే ముందు నిలిచిన మనిషి. కానీ అదే శిక్షణలో, ఖాళీదే కదా అని రైఫిల్ తుడుస్తున్న తోటి ట్రైనీ రంగస్వామి అరచేతిలోంచి గుండు దూసుకుపోవడం కళ్లారా చూసింది. ఆనాటి నుంచి ఇనుము తగిలితే చాలు, ఆమె వేళ్లు చల్లబడిపోతాయి. ఈ సంగతి బయటపడితే ఐదేళ్లు తిప్పలు పడి తెచ్చుకున్న ఉద్యోగం పోతుందని ఆమె బెంగ. అందుకే నెల రోజులుగా గది ఊడుస్తూ, నూనె డబ్బాలు సర్దుతూ నెట్టుకొచ్చింది. అట్లా ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది, పాపం?

ఆ సోమవారం పొద్దున, తనిఖీలో దొరికిన తుపాకీ ఒకటి వచ్చింది. ఏదో కారు సీటు కింద తువ్వాలులో చుట్టి ఉందట. దానికి దారంతో కట్టిన చీటీ మీద ‘ఖాళీ’ అని రాసి ఉంది.

ఆయుధాగారానికి పెద్ద హుసేన్ పీరా. ముప్పై ఏళ్లుగా తుపాకులు విప్పి బిగిస్తున్న మనిషి. ఆ జిల్లాలో తుపాకీ బాగుచేయడం వచ్చిన ప్రతివాడూ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఆయన ఆ తుపాకీని బల్ల మీద, గొట్టం ఇసుక పెట్టె వైపుకు తిప్పి పెట్టాడు.

"ఏమ్మా, ఇదేందో చెప్పు" అన్నాడు.

చెప్పడానికైతే సుంకమ్మకు భయం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టింది.

"ఏకే రకం సార్. పేరుకు పిస్టల్, తినేది మాత్రం రైఫిల్ తూటానే. భుజానికి ఆనించే బట్ లేదు, వెనక పట్టీ తగిలించుకునే కొక్కెం ఒక్కటే. గొట్టం జానెడు. కొసన మంట ఎగజిమ్మకుండా గరాటు. మ్యాగజైన్ ఇరవై తూటాలది, విడిగా తీసి పంపినారు. ముందర ఎడమ చేతికి నాలుగు వేళ్ల చోటే ఉంది, జారిందంటే చెయ్యి గొట్టం ముందుకే పోతాది. కుడి పక్కన పొడుగు మీట. పైకుంటే పేలదు, దించితే పేలుతాది."

"బలే చెప్పినావు. లోపల తూటా ఉండాదా?"

"చీటీలో ఖాళీ అని ఉంది సార్."

"చీటీని అడగమనలా. తుపాకీని అడుగు."

తుపాకీని అడగాలంటే మీట దించాలి. ఆ రకంలో మీట పైకి ఉన్నంతసేపూ లోపలి బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. అది రాకపోతే తూటా బయటపడదు. అంటే, పేలకుండా ఆపుతున్నదాన్ని మన చేత్తో మనమే తీసేస్తే తప్ప లోపలున్నది బయటికి రాదన్నమాట. ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావులు! ఈ ముక్క సుంకమ్మ పుస్తకంలో నూరుసార్లు చదివింది.

ఆమె చెయ్యి చాచింది. మీటకు అంగుళం దూరంలో అది ఆగిపోయింది. రంగస్వామి కేక చెవిలో మళ్లీ వినబడింది. ఎంత తొయ్యాలని చూసినా ఆ చెయ్యి ఇక కదల్లేదు.

"నావల్ల కాదు సార్" అంది చివరికి. "నాకు భయం. చేరిన రోజు నుంచీ భయమే. పంపించేస్తారని చెప్పలేదు."

పీరా తిట్టలేదు, ఊరడించనూ లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆమె వేళ్లు రెండు పట్టుకుని తన కుడి మణికట్టు మీద పెట్టుకున్నాడు.

"తియ్యొద్దు" అన్నాడు.

ఆ చేత్తోనే మీట దగ్గరికి పోయాడు. సుంకమ్మ వేళ్ల కింద ఆయన నాడి దబదబా కొట్టుకుంటోంది. బొటనవేలు మీటకు తగిలేసరికి ఇంకా ఎక్కువైంది. టక్కున మీట దిగినప్పుడు ఒక్క దెబ్బ తప్పి, మళ్లీ పరుగందుకుంది. ఆమె తలెత్తి ఆయన ముఖం చూసింది. పేపరు చదువుకుంటున్నట్టే ఉన్నాడు. చెయ్యి కూడా వణకలేదు.

ఆయన మీటను మళ్లీ పైకి పెట్టేశాడు.

"ఇంగ నువ్వు" అని, ఈసారి తానే ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

సుంకమ్మకు ఏడుపొచ్చింది. భయం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ భయంతోనే గొట్టం ఎటు చూస్తోందో ఒకసారి చూసుకుంది. నమ్మకం చాలక మళ్లీ చూసుకుంది. ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటీ ఎక్కడున్నాయో చూసుకుంది. ఊపిరి బిగబట్టి మీట దించింది. పక్కనున్న పిడి పట్టుకుని బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి లాగింది.

ఇత్తడి తూటా ఒకటి ఎగిరి బల్ల మీద పడి దొర్లింది.

పీరా వంగి లోపలికి చూశాడు, వేలుపెట్టి తడిమాడు. అప్పుడు గానీ ఆమె చెయ్యి వదల్లేదు. సుంకమ్మ స్టూలు మీద కూలబడింది.

"ఇది ఎప్పుడు పోతాది సార్?" అని అడిగింది, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

పీరా తూటాను తీసి రుమాలులో చుట్టాడు.

"పోయిన దినం నాకు చెప్పు తల్లీ" అన్నాడు. "ఆ పొద్దు నుంచి నిన్ను ఈ గదిలోకి రానీను."