నూకాలు వేసిన పొగబండి

బొండివలస రైలు స్టేషను వెనక వీధిలో గుంపస్వామి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, గుంపస్వామే అన్నాడు. తమ్ముడు ఎర్నాయుడు ఔనన్నాడు. గుంపస్వామి పెళ్ళాం నూకాలు కూడా ఔనంది. ఆ ఇంట్లో తెలివి మగవాళ్ళ వాటా, ఔననడం ఆడదాని వాటా. తనకీ కాస్త తెలివి ఉందేమోనని నూకాలుకి లోలోపల అనుమానమే. కానీ వంట చేసి, అంట్లు తోమి, గేదెకి గడ్డి వేసేసరికి దాన్ని బయటికి తీసే తీరిక ఉండేది కాదు.

ఒకనాడు స్టేషన్ మాస్టరు భుజంగరావు వాళ్ళని పిలిచి చెప్పాడు. "మన స్టేషన్లో బోర్డులు రాసే ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆదివారం బండిలో పెద్దాఫీసరు వస్తున్నాడు. ఆవిరి ఇంజను బొమ్మ బాగా వేసి చూపించినవాళ్ళకి ఆ ఉద్యోగం ఇస్తాడు."

నూకాలు గుండె గంతేసింది. ఉద్యోగమంటే కుర్చీ ఉంటుంది. పెళ్ళయ్యాక ఆమె కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. ఇంట్లో ఉన్న రెండు కుర్చీల్లోనూ ఎప్పుడూ తెలివే కూర్చుని ఉండేది.

"నేను వేస్తాను మావా! నా ముగ్గులు చూడ్డానికి పక్క వీధుల నుంచి కూడా వస్తారు కదా!"

"ముగ్గు వేరు, ఇంజను వేరు. ఇంజను మగాడే," అన్నాడు గుంపస్వామి.

"నీకెలా తెలుసు?"

"పొద్దస్తమానం పొగ వదుల్తాడు, ఊరంతా వినబడేలా అరుస్తాడు. ఇంకేం కావాలి?"

నూకాలు ఔనంది.

భుజంగరావు వాళ్ళకో కాగితం, పెన్సిలు, నల్లరంగు డబ్బా ఇచ్చాడు. "కంటికి ఎలా కనిపిస్తే అలా గీయండి," అన్నాడు. అన్నదమ్ములు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. బండి వచ్చి ఆగింది. గుంపస్వామి కాగితాన్ని ఇంజనుకి ఆనించి చూశాడు. చక్రంలో సగం కూడా పట్టలేదు. బండి కదిలి దూరంగా పోయింది. అప్పుడు మళ్ళీ కాగితం ఎత్తి చూశాడు.

"ఒరే, పట్టిందిరా! చక్కగా పట్టింది!"

పెన్సిలు తీసేలోగా బండి మాయమైపోయింది.

"పాపం, వెళ్ళేకొద్దీ చిక్కిపోతోందన్నయ్యా," అన్నాడు ఎర్నాయుడు జాలిగా. "పట్నంలో తిండి పెట్టరు కాబోలు."

భుజంగరావు తల పట్టుకున్నాడు. "చూసి గీయడం మీవల్ల కాదు. ఇలా చెయ్యండి. ముందు ఒక పీపాని పడుకోబెట్టండి. దాని నెత్తిన గొట్టం నిలబెట్టండి. కింద చక్రాలు తగిలించండి. రంగు వేసి, పైన కాస్త పొగ పెట్టండి. అంతే, ఇంజను!"

ఇంత సులువని ముందే చెప్పొచ్చుగా! ఇంటికెళ్ళగానే గుంపస్వామి నీళ్ళ పీపాని పడుకోబెట్టాడు. తెల్లారిన దగ్గర్నుంచి నూకాలు మోసిన నీళ్ళన్నీ వీధిపాలయ్యాయి. ఎర్నాయుడు పక్కింటివాళ్ళ ఎడ్లబండి చక్రాలు ఊడదీసుకొచ్చాడు. డబ్బాలో రంగంతా పీపాకి పూశారు. నెత్తిన రేకు గొట్టం నిలబెట్టారు. లోపల గడ్డి కూరి అంటించారు. ఇంకేముంది, భగ్గుమంది! పైనున్న తాటాకు పందిరి అంటుకుంది.

"నీళ్ళు తేవే! నీళ్ళు!"

"నీళ్ళు ఇంజను కోసం పారబోశారు కదా మావా!"

పక్కింటివాళ్ళు చక్రాల కోసం తిట్టుకుంటూనే బిందెలతో పరుగెత్తుకొచ్చి మంట ఆర్పారు. బూడిదలో నిలబడి గుంపస్వామి తమ్ముడి భుజం తట్టాడు. "పొగ మాత్రం అచ్చం రైలు పొగేరా!"

మర్నాడు ఎర్నాయుడికి ఇంకా పెద్ద ఆలోచన వచ్చింది. దూరంగా ఉన్నప్పుడే కదా ఇంజను కాగితంలో పట్టేది? దూరంగానే ఆపేస్తే సరి. నూకాలు పెళ్ళినాటి ఎర్రచీర పట్టుకెళ్ళి పట్టాల మధ్య నిలబడి ఊపాడు. బండి కీచుమంటూ ఆగింది. డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందిరా? పట్టా విరిగిందా?"

"నువ్వు రా బాబూ, నీ బండిని మాత్రం అక్కడే ఉంచు. దగ్గరికొస్తే లావైపోతుంది!"

అంతే, భుజంగరావు ఇద్దరి చెవులూ మెలిపెట్టి, ఇంకోసారి పెన్సిలు ముడితే పోలీసులకి అప్పజెబుతానన్నాడు. ఇలాంటి చిన్న ఉద్యోగం తమంత తెలివైనవాళ్ళకి తగదని అన్నదమ్ములు అప్పటికప్పుడే తేల్చేశారు. మగవాళ్ళకి తగనిది కాబట్టి, ఇప్పుడు నూకాలు చెయ్యొచ్చట!

రంగు లేదు. లేకపోతేనేం? ఆదివారం తెల్లారుతూనే నూకాలు ప్లాట్‌ఫారం ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు బుట్టతో కూర్చుంది. చుక్కలు పెట్టింది. చుక్కల చుట్టూ చెయ్యి తిరిగింది. పీపా వచ్చింది, గొట్టం వచ్చింది, తామరపువ్వుల్లాంటి చక్రాలు వచ్చాయి, తీగలు తీగలుగా పొగ లేచింది. భుజంగరావు బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నూకాలమ్మా, ఉద్యోగం నీదే! పెద్దాఫీసరు చూసేదాకా దీనిమీద ఒక్కరి కాలు కూడా పడకూడదు. నేను దండ తెస్తాను," అని లోపలికెళ్ళాడు. అన్నదమ్ములు బొమ్మకి అవతల కాపలా నిలబడ్డారు.

బండి వచ్చింది. మొదటి తరగతి పెట్టె సరిగ్గా బొమ్మ ముందే ఆగింది. తలుపు తెరుచుకుంది. కోటు వేసుకున్న బట్టతలాయన బూటుకాలు బయట పెట్టబోయాడు.

"మావా! కాలు!" నూకాలు కేక పెట్టింది. ముగ్గు పొగ పక్కనుంచి ఒక్క గెంతు గెంతి తలుపు మూసి, దాన్ని ఆనుకుని నిలబడింది. బొమ్మ చుట్టూ తిరిగొచ్చి అన్నదమ్ములు కూడా వీపులు ఆనించారు.

"తలుపు తియ్యండి! నేను దిగాలి!"

"ఎక్కడైనా దిగండి బాబూ, ఇక్కడ కాదు," అంది నూకాలు. "పెద్దాఫీసరుగారు చూసేదాకా ఇక్కడ కాలు పెట్టకూడదు."

"నేనే పెద్దాఫీసర్ని!"

"కావచ్చు బాబూ. కానీ మీరింకా చూడలేదు కదా!"

లోపలాయన తలుపు దబదబా బాదాడు. ఈల మోగింది. బండి కదిలి వెళ్ళిపోయింది.

దండతో వచ్చిన భుజంగరావు అటూ ఇటూ చూశాడు. "ఆఫీసరుగారేరి?"

"దిగబోయారు, దిగనివ్వలేదు," అంది నూకాలు గర్వంగా. "ఒక్క గీత కూడా చెరగలేదు చూడండి!"

భుజంగరావు దండతో సహా కూలబడ్డాడు. "చూడకుండా ఉద్యోగం ఎలా ఇస్తాడమ్మా? ఇంక నువ్వే పట్నం తీసుకెళ్ళి చూపించుకోవాలి."

"అంతేనా? దానికింత దిగులెందుకు బాబూ?"

నూకాలు గోనెసంచి తెప్పించింది. అన్నదమ్ములు మూతి తెరిచి పట్టుకున్నారు. ఆమె చీపురు తీసుకుని ముందు చక్రాలు జాగ్రత్తగా ఊడ్చి సంచి అడుగున పోసింది. వాటిమీద పీపా పోసింది. దానిమీద గొట్టం. అన్నిటికన్నా పైన, తేలిగ్గా, పొగ. మూతి గట్టిగా కట్టి, గుంపస్వామితో కలిసి మధ్యాహ్నం బండెక్కి కూర్చుంది.

"మావా, సంచి నిటారుగా పట్టుకో," అంది మొగుడితో. "తలకిందులైతే ఆఫీసరుగారు విప్పేసరికి ఇంజను బోర్లాపడి ఉంటుంది!"