నైరుతి మూలన నెర్రె

పరాభవ నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ చవితి, మంగళవారం. రోహిణి కార్తెకు అదే ఆఖరి రోజు. సాయంత్రం ఆరు కావస్తుండగా, నంద్యాల దిగువన ఒక నల్లరేగడి పల్లెలో, మద్దిలేటి ఇంటి వసారాలో కూర్చున్న ఓబుళయ్య సామిని ఆ ఇంటి కోడలు నాగశేషమ్మ ఒక మాట అడిగింది.

"సామీ, నైరుతి అంటే ఏంది?"

ఓబుళయ్య సామికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా కూర్చున్న చోటునుంచి జవాబు చెప్పేవారు కారు. చేతికర్ర అందుకుని లేచేవారు. అడిగినవాళ్ళు వెంట నడవవలసిందే. "జవాబు ఈడనే ఉంటే నీకే దొరికి ఉండు కదా" అనేవారు. నాగశేషమ్మ చిన్ననాడు పుట్టింటి ఊళ్ళో ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకుంది, మాటలకు అర్థాలు నేర్చుకుంది. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక కూడా ఆయన ఏడాదికొకసారి వచ్చి నాలుగు రోజులుండి పోయేవారు. ఈసారి మాత్రం తనంతట తాను రాలేదు. కబురు పెట్టి పిలిపించుకున్నది అత్త సుంకమ్మ.

కారణం ఊరందరికీ తెలిసినదే. కిందటి ఎండాకాలం ఆ ఇంట మూడేళ్ళ పిల్ల చెంచు జ్వరం తగిలి రెండు రోజుల్లో పోయింది. అంత చిన్నవాళ్ళను కాల్చరు. సొంత చేలో నైరుతి మూలన పెట్టమని, ఊళ్ళో కర్మలు చేయించే జంగమయ్య చెప్పాడు. "అది నిర్ఋతి మూల. ఆయమ్మకు అప్పజెప్పి రాండి. ఎవరూ వెనక్కి చూడొద్దు" అన్నాడు. కాళ్ళకున్న వెండి గజ్జెలు తీయబోతే నాగశేషమ్మ తీయనివ్వలేదు. వాటితోనే పెట్టారు. అందరూ తలలు వంచుకుని వచ్చేశారు. గట్టు దాటే చోట నాగశేషమ్మ ఒక్కతే ఆగి వెనక్కి చూసింది. అప్పటికామె ఒట్టి మనిషి కాదు. వద్దు వద్దంటూ సుంకమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

ఎండలు ముదిరితే రేగడి నేల నోళ్ళు తెరుస్తుంది. మోకాటిలోతు, నడుంలోతు నెర్రెలు పడతాయి. గొర్రెపిల్ల జారితే తాడు వేసి తీయాలి. ఈ ఏడు ఆ చేలో అన్నిటికంటే పెద్ద నెర్రె సరిగ్గా నైరుతి మూలనే పడింది. పిల్లను పెట్టిన చోట ఈ కొసనుంచి ఆ కొసకు నేల విచ్చుకుంది. లోపలికి కర్ర దించితే అడుగు తగలలేదు.

నాగశేషమ్మ ఒకనాటి సాయంత్రం ఆ నెర్రె అంచున కూర్చుని ఉండగా లోపల గజ్జె మోగింది.

ఆనాటినుంచి పొద్దు వాలితే ఆమె ఇంట్లో నిలిచేది కాదు. పెరుగన్నం ముద్ద ఆకులో కట్టుకుని చేనికి పోయేది. ఊరంతా వాన కోసం కళ్ళు కాయలు కాచి ఉన్నప్పుడు, పిల్లలు రోకలికి కప్పను కట్టి వేపాకు చుట్టి ఇంటింటికీ తిప్పుతున్నప్పుడు, ఆ ఇంట మాత్రం కప్పతల్లి మీద చెంబెడు నీళ్ళు పోసిన చెయ్యి లేదు. కోడలు తలుపు వేసుకుంది. వాన పడితే నెర్రె పూడుతుంది. ఆ సంగతి రేగడిలో పుట్టిన పసివాళ్ళకు కూడా తెలుసు. మబ్బు కమ్మడం మొదలైన నాడు ఆమె ఇంట్లో ఉన్న ఈతచాప తీసుకుపోయి నెర్రె మీద కప్పింది. వరద నీళ్ళు దిగకుండా చుట్టూ చేతులతో కట్ట పోసింది. మొగుడు మద్దిలేటి పార తీసుకుని పూడ్చడానికి పోతే ఆ చాపమీద అడ్డంగా పడుకుంది. అతను పార అక్కడే పారేసి వచ్చేశాడు.

చెంచు పోయేనాటికి కడుపులో ఉన్నవాడు ఇప్పుడు ఐదు నెలల బిడ్డ. సాయంత్రం పాల వేళకు తల్లి ఇంట ఉండదు. సుంకమ్మ మేకపాలలో గుడ్డ ముంచి వాడి నోట్లో పెడుతూ సామితో అన్నది ఇదే. "కన్నకొడుకు ఈడ గుక్క పట్టి ఏడుస్తాంటే దీనికి వినపడదు సామీ. మన్నులో గజ్జెలు మటుకు బాగా వినపడతాయి. ఏం చెవులో అవి!"

సామి రెండు రోజులైనా కోడల్ని ఏమీ అడగలేదు. మంగళవారం సాయంత్రం ఆమె నీళ్ళకు పోయి చావడి ముందునుంచి వస్తుండగా రేడియోలో వార్తలు చెబుతున్నారు. నైరుతి రుతుపవనాలు రాయలసీమలోకి వచ్చేశాయన్నారు. చావడిలో ఉన్న మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె బిందె దింపీ దింపకుండానే వసారాలోకి వచ్చి ఆ మాట అడిగింది.

"పోయినేడు జంగమయ్య నైరుతి అంటే బిడ్డల్ని అప్పజెప్పే మూల అనె. ఇయ్యాల రేడియో నైరుతి అంటే వాన అంటాంది. చప్పట్లు కొడతాండారు. మాటకు వేరు ఒగటే ఉంటాదని నేర్పింది మీరే కదా సామీ? ఈ రెండూ ఒగ వేరుకు ఎట్లా పుడతాయి?"

సామి కర్ర అందుకుని లేచారు.

"పొద్దు పోతాంది, ఈ యాళప్పుడు ఆ మూలకా సామీ?" అంది సుంకమ్మ బిడ్డను భుజాన వేసుకుని.

"మూల ఆడుంటే ఇంకో తావుకు ఎట్లా పోదునమ్మా?" అన్నారాయన. నాగశేషమ్మ అలవాటుగా ముద్ద ఆకులో కట్టుకుని వెంట నడిచింది.

దారిలో ఆయన మాట్లాడింది కొంచెమే. "ఋతం అంటే కట్టు. ఒగదానెనక ఒగటి రావాల్సింది వచ్చేది. ఋతువు అనే మాటలో ఉండేదీ అదే. ఆ కట్టు ఊడిపోతే నిర్ఋతి. ముడి జారడం, మూట ఇప్పుకోవడం, ఉన్నది చెదిరిపోవడం. ఆయమ్మ పేరే ఆ దిక్కుకు పెట్టినారు. ఆయమ్మ ఇల్లు యాడ అంటే, మనిషి తవ్వకుండా నేల తనంతట తాను తెరుచుకున్న తావు అని పాతవాళ్ళ మాట. ఆడ ఒగ ముద్ద పెట్టి, తిరిగి చూడకుండా రమ్మన్నారు."

"మరి వాన?" అంది నాగశేషమ్మ. ఆయన వినిపించుకోనట్టే నడిచారు.

చేలో ఆకు కదలడం లేదు. గట్టుమీద తుమ్మచెట్టు బొమ్మ గీసినట్టు నిలబడి ఉంది. పిట్టలు ఎప్పుడు సద్దుమణిగాయో తెలియదు. నైరుతి మూలన ఆకాశం నేలరంగుకు తిరిగి, ఎక్కడ చేను ఆగిందో ఎక్కడ మబ్బు మొదలైందో తెలియకుండా ఉంది. సామి చాప పక్కన మోకాళ్ళమీద కూర్చున్నారు. మెల్లగా నేలమీద పడుకుని చెవి ఆనించారు.

నాగశేషమ్మ చూస్తూ నిలబడింది. మొగుడు విన్నాడు, ఏమీ లేదన్నాడు. అత్త విననే లేదు. మరిది విని నవ్వాడు. సామి కూడా లేదంటారనే అనుకుంది. లేదంటే ఏమనాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది.

ఆయన చాలాసేపటికి తల ఎత్తారు. గడ్డానికి మన్ను అంటుకుని ఉంది.

"వినపడతాంది" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆ చప్పుడంటే నాగశేషమ్మకు భయం లేదు. అది ఆమె బిడ్డ చప్పుడు. రెండో మనిషి విన్నాననేసరికి అది నిజంగా అక్కడ ఉంది. కాళ్ళ కింద నేల మీద ఆమెకు మొదటిసారి నమ్మకం పోయింది.

"ఎటు పోతాందో గమనించినావా?" అని అడిగారు సామి.

"ఎటూ పోదు సామీ. ఆడాడనే."

"అవును. ఈ కొసనుంచి ఆ కొసకు, ఆ కొసనుంచి ఈ కొసకు. ఎన్నాళ్ళైంది?"

"ఎండలు ముదిరినప్పటినుంచీ."

"మూడేండ్ల బిడ్డ" అన్నారాయన. "కాళ్ళు నొప్పి పుట్టవూ?"

బతికి ఉన్నప్పుడు సంతకు నడిపించుకుపోతే, సగం దారిలోనే చేతులు చాచి "ఎత్తుకోమ్మా" అనేది చెంచు. ఆ మాట ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆమెకు గుర్తు రాలేదు. ఇప్పుడొచ్చింది. ఆ గొంతుతోనే వచ్చింది. ఆమె నేలమీద కూలబడి ఏడ్చింది. సామి ఆపలేదు. ఏడుపు తగ్గిందాకా నైరుతి వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఇంగ ముద్ద పెట్టు" అన్నారు. "చాప తియ్యి. ఇంటికి నడువు. తిరిగి చూడొద్దు."

"చూస్తే?"

"పోయినేడు చూసినావు కదా."

ఆమె చాప ఎత్తింది. నెర్రెలోనుంచి చల్లటి గాలి మణికట్టును తాకింది. ఇంకా చినుకు పడలేదు, అయినా ఆ గాలిలో తడిసిన మన్ను వాసన ఉంది. ఆకు విప్పి ముద్ద జారవిడిచింది. అది ఎక్కడా తగిలిన చప్పుడు రాలేదు. లోపల గజ్జె ఆగిపోయింది. చాప అక్కడే వదిలి లేవబోతే, "అది ఈడెందుకు? ఇంట్లోకి కావాల, తెచ్చుకో" అన్నారు సామి. ఆమె దాన్ని చుట్టి భుజాన వేసుకుంది. ఆయన ముందు నడిచారు. ఆమె ఇంటివైపు తిరిగింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక గల్లుమంది.

ఈసారి నేల కింద కాదు. నేలమీద. ఆమె అడుగు వేస్తే ఒక అడుగు. చిన్న అడుగు, తడబడే అడుగు. ఆమె ఆగితే అదీ ఆగింది. మెడ తనంతట తానే తిరగబోయింది. చెవి వెనక నరాలు లాగాయి.

"నడువు" అన్నారు సామి. ఆయనా వెనక్కి తిరగలేదు.

ఆమె నడిచింది. గల్లు, గల్లు. రవిక ముందు తడిసిపోతోంది. పాలు ఎవరి కోసం వస్తున్నాయో ఆమెకు తెలియలేదు. గట్టు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు బాగా దగ్గరైంది. కుచ్చిళ్ళ అంచు పట్టుకుని ఎవరో నడుస్తున్నంత దగ్గర. కిందటేడు తిరిగి చూసింది అక్కడే. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, కాలితో తడుముకుంటూ గట్టు దాటింది.

అప్పుడు వెనకనుంచి గాలి కొట్టింది. భుజంమీద చాప ఎగిరిపడింది. దానిమీద టప్పున ఒక చినుకు, ఇంకొకటి, ఆపైన లెక్క లేదు. గజ్జె ఎక్కడ ఆగిందో, చినుకు ఎక్కడ మొదలైందో ఆమె చెవులకు తేడా తెలియలేదు. వీధి మలుపు తిరుగుతూనే, అంత వాన హోరులోనూ, ఇంట్లో బిడ్డ ఏడుపు వినిపించింది. ఆమె పరుగెత్తింది. తడిబట్టలతోనే వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు చప్పరించడం మాని నిద్రపోయాక సుంకమ్మ వచ్చి కోడలి తల తుడిచింది.

తెల్లవారి బుధవారం. మద్దిలేటి అందరికంటే ముందు చేనికి పోయి, కాళ్ళకు మోకాళ్ళ దాకా నల్లమన్నుతో తిరిగి వచ్చాడు. "నెర్రె లేదు" అన్నాడు. "యాడుండెనో గురుతు గూడా లేదు." రేగడి ఆరేదాకా అరక కట్టడానికి వీల్లేదు. అయినా అతను చేను తోలే గుంటకను అటకమీదినుంచి దింపి, ముంగిట్లో కూర్చుని దాని ఇనప ఆకుకు పట్టిన తుప్పు గీకసాగాడు. సుంకమ్మ కోడల్ని పిలవకుండా తనే పొయ్యి వెలిగించింది. నాగశేషమ్మ ఈతచాపను కడిగి గోడమీద ఆరవేసి, పొద్దెక్కాక లోపలికి తెచ్చింది.

"దాన్ని ఇంట్లోకి తెస్తావా?" అంది సుంకమ్మ, పొయ్యి దగ్గరనుంచే.

"తెస్తానత్తా" అంది నాగశేషమ్మ. వసారాలో పరిచి, బిడ్డను దానిమీద పడుకోబెట్టింది. వాడు కాళ్ళు ఆడించాడు. సుంకమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి కొంతసేపు చూసింది. తరవాత తనూ వచ్చి చాప కొసన కూర్చుంది.

సామి మూట కట్టుకుని కర్ర అందుకున్నారు. నాగశేషమ్మ కాళ్ళకు మొక్కి లేచి, "సామీ, నిన్న నా వెనక..." అని ఆగిపోయింది.

నైరుతిన ఇంకొక మబ్బు లేస్తోంది. ఆయన దానివైపు చూశారు.

"నీ వెనక ఎవరొచ్చిందీ నేనూ చూడలేదు తల్లీ" అన్నారు. "ఆ మూలనుంచి వాన మటుకు ఇంటిదాకా వచ్చె."