వందో బావి దగ్గర తలంటు

రాళ్ళెక్కువ, వానలు తక్కువ అయిన ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. మనసు మంచిదే. కానీ పొగడ్త చెవిన పడిందంటే ఆయనకు ఇక కళ్ళు కనిపించేవి కావు.

ఒకసారి ఛప్పన్న దేశాల రాజులూ ఒక పెద్ద నది ఒడ్డున సభ చేశారు. పదిహేనేళ్ళలో ఏ దేశంలోనూ ఆకలి ఉండకూడదు, దాహం ఉండకూడదు, చదువు రాని బిడ్డ ఉండకూడదు అంటూ పదిహేడు ప్రతిజ్ఞలు రాసుకున్నారు. ప్రతిజ్ఞలకు వంక పెట్టడానికి లేదు. చిక్కంతా కొలతలతోనే వచ్చింది. ఊరికో బావి, ఇరవై మూరల లోతు అని నిర్ణయించినవాళ్ళు నది పక్కన పుట్టి పెరిగిన రాజులు. వాళ్ళ దేశాల్లో పది మూరలకే జల పడుతుంది. ఉద్దండవర్మ రాజ్యంలో నలభై మూరలు తవ్వితే గానీ రాయి చెమ్మగిల్లదు.

ఆ సంగతి సభలో చెప్పడానికి ఆయనకు నామోషీ అడ్డొచ్చింది. పైగా అందరికంటే ముందు తానే పూర్తి చేస్తానని మీసం దువ్వి వచ్చాడు. ఇక మంత్రి మార్తాండయ్య కొలతాడు చేతపట్టుకుని బయలుదేరాడు. ఇరవై మూరలు రాగానే 'పూర్తి' అని రాయించి, పనివాళ్ళను పక్క ఊరికి తోలేవాడు. మూడేళ్ళలో తొంభై తొమ్మిది బావులయ్యాయి. ఒక్కదాంట్లోనూ చేద మునగలేదు.

వందోది నల్లరాతిపల్లెలో తవ్వారు. రాజుగారికి తలంటి పోసే బయ్యన్న తన కూతురు ఎర్రక్కను ఇచ్చింది ఆ ఊరికే. ఆ పిల్ల ఏడో నెల కడుపుతో రోజూ రెండు కోసులు నడిచి వాగు నుంచి నీళ్ళు మోసుకొస్తోంది. పనివాళ్ళు పలుగూ పారా సర్దుకుంటుంటే, ఇంకో ఇరవై మూరలు తవ్వించమని ఊరంతా మంత్రిని బతిమాలింది.

"కొలత అయిపోయింది," అని మంత్రి పల్లకీ ఎక్కేశాడు.

ఈ కబురు విని బయ్యన్నకు కడుపు రగిలిపోయింది. రాజుగారికి సూటిగా చెబితే మంత్రి తన ఉద్యోగం ఊడగొడతాడే తప్ప బావి ఒక్క మూర కూడా దిగదు. అందుకని మర్నాడు రాజుగారి మాడుకు నూనె మర్దిస్తూ మెల్లగా కదిపాడు.

"వంద బావులూ అయ్యాయి కనుక తమరికి జలదాత అని బిరుదు ఇస్తారట గదా ప్రభూ. మరి తొలినీటి తలంటు ఎప్పుడు?"

"అదేమిటి?"

"తమ తాతగారి కాలం దాకా ఉన్న ఆచారమే. బావి తవ్వించిన ప్రభువు ఊరి జనం ముందర, ఆ బావి నీళ్ళతోనే తలంటు పోసుకోవాలి. ఈమధ్య ఎవరూ పాటించడం లేదు."

ఊరి జనం ముందర అనేసరికి రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. మంత్రి "తమకెందుకు ప్రభూ ఆ శ్రమ" అని నసిగాడు. బండ్ల మీద నీళ్ళు పంపిస్తానని కూడా అన్నాడు. ఆచారం ఆచారమే, బయటి నీళ్ళు ముట్టనని రాజు కొట్టిపారేశాడు.

ముహూర్తం నాడు నల్లరాతిపల్లె బావి పక్కన పీట వేశారు. బయ్యన్న రాజుగారికి ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించి, పైన దట్టంగా నలుగు పెట్టాడు. అప్పుడు సేవకులు బావిలోకి చేద వదిలారు. అది అడుగున రాయికి కొట్టుకుని ఠంగుమంది. మళ్ళీ వదిలారు, మళ్ళీ అదే చప్పుడు.

ఎండ ముదిరింది. నలుగు ఎండి బిగుసుకుపోయింది, ఒళ్ళంతా ఒకటే దురద. ఈగలు ముసిరాయి. రాజు గోక్కోవడానికి చూశాడు గానీ ఎదురుగా ఊరంతా ఉంది.

"బయ్యన్నా, నీళ్ళు," అన్నాడు పళ్ళ బిగువున.

బయ్యన్న తుండుగుడ్డ అందించాడు. "తమ స్నానం పూర్తయింది ప్రభూ. ఇక తుడుచుకోవడమే."

"పూర్తయిందా?"

"తమ స్నానానికి రెండు గడియలని దివాణంలో కొలత. తమరు పీట మీద కూర్చుని రెండు గడియలైంది."

"ఒంటి మీద ఒక్క చుక్క పడితేగా?"

బయ్యన్న చెప్పాలనుకున్నది చెప్పేశాడు. "బావిలోనూ పడలేదు ప్రభూ. మంత్రిగారు పూర్తయిందనే రాశారు. మిగతా తొంభై తొమ్మిదీ ఇంతే."

మంత్రి కొలతాడు వెనక్కి దాచుకున్నాడు. అంతలో వాగు నుంచి ఎర్రక్క నీళ్ళకుండతో వచ్చింది. రాజుగారి అవతారం చూసి ఆమెకు జాలేసింది.

"ఈ నీళ్ళు పోసుకోండి దొరా. నేను మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటాలే, పొద్దుగూకే లోపల వచ్చేస్తా."

రాజు ఆమె కడుపు వంక చూశాడు. ఆమె నడిచొచ్చిన దారి వంకా చూశాడు. సిగ్గుతో తల వంచుకుని, "వద్దు తల్లీ, నువ్వు ఇంటికి పో," అన్నాడు.

తర్వాత నలుగు పట్టిన తన చేతులు చూసుకుని ఒక్కసారి పకపకా నవ్వాడు. ఊరు కూడా ధైర్యం చేసి నవ్వింది.

"మూడేళ్ళుగా నన్ను అందరూ పొగిడారు, నువ్వొక్కడివే తలంటావు బయ్యన్నా," అని చేతి కంకణం తీసి ఇవ్వబోయాడు. నూనె చెయ్యి కావడంతో అది ఇట్టే జారి వచ్చింది.

బయ్యన్న దాన్ని అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "దీంతో పాటు ఇంకో ఇరవై మూరలు ఇప్పించండి ప్రభూ."

"ఇరవై కాదు, జల పడేదాకా. ఛప్పన్న దేశాలకూ కబురు పంపండి, మేము పూర్తి చేసిన బావులు సున్నా అని. ఇకమీదట ఏ బావి దగ్గరైనా తొలినీటి తలంటు మంత్రిగారిదే. నూనె, నలుగు పొద్దున్నే పెట్టించండి. నీళ్ళు పడ్డప్పుడే లేస్తారు."

నల్లరాతిపల్లె బావి తిరిగి మొదలైన మూడో రోజున, నలుగు ఎండిపోయిన ఒంటితో మార్తాండయ్య తానే పలుగు పుచ్చుకుని బావిలోకి దిగాడు.