గట్టు రాయి దగ్గర దీవెన

ఇశ్రాయేలు దేశంలోని ఎఫ్రాయిము కొండల్లో అమర్యా అనే రైతు ఉండేవాడు. దేవుడి పేరు చెబితే చేతులు జోడించేవాడు, పొరుగు చేను కనబడితే మాత్రం చూపు తిప్పుకోలేకపోయేవాడు.

అతని భక్తికి వంక పెట్టేవాళ్లు ఊళ్లో లేరు. విశ్రాంతి దినాన ఇంట్లో పొయ్యి రాజెయ్యనిచ్చేవాడు కాదు. యవల పంట చేతికొస్తే మొదటి కంకుల కట్ట దేవుడికి తీసిపెట్టాకే ఆడవాళ్లు తిరగలి ముట్టుకోవాలి. అతని తమ్ముడు జక్కూరు నిదానస్తుడు. "మా అన్న ముందు నేనెంత!" అనేవాడు. ఆ మాట వింటే అమర్యాకు కడుపు నిండిపోయేది. ఇక వాళ్ల తండ్రి హషబ్యా పెద్దవయసు వచ్చి మంచానికి పరిమితమయ్యాడు. చేను మొహం చూసి ఆయనకు చాలా కాలమైంది.

కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉండేవి వాళ్ల పొలాలు. పల్లపు పక్కనే ఒక సన్నటి చేను ఉండేది. అది తిర్సా అనే విధవరాలిది. మొగుడు జబ్బు చేసి పోయాడు. ఇద్దరు చిన్న ఆడపిల్లలతో ఆ చేను మీదే బతుకు ఈడుస్తోంది. రెండు పొలాలకూ నడుమ ఒక గట్టు రాయి. హషబ్యా తాతల నాటిది. ఆ దేశంలో గట్టు రాయి అంటే మాటలు కాదు. ఎవరి వంతు నేల వాళ్లకు దేవుడే పంచి ఇచ్చాడని వాళ్ల నమ్మకం. ఆ రాయిని జరిపినవాడికి శాపం తగులుతుందని పండుగకు జనం కూడినప్పుడు యాజకుడు చెప్పేవాడు. జనమంతా ఆమేన్ అనేవాళ్లు. అమర్యా కూడా అనేవాడు.

ఒక ఏడు వానలు దంచి కొట్టాయి. కొండవాలు గట్లన్నీ కూలాయి. గట్టు రాయి ఒరిగి బురదలో పడింది. ఇంకా జల్లు పడుతుండగానే అమర్యా ఒక్కడే పార పట్టుకుని చేనికి వెళ్లాడు. రాయి ఉండిన గుంట కళ్ల ముందే ఉంది. అందులో నిలబెట్టి వచ్చేస్తే ఏ గొడవా లేకపోయేది. కానీ పాడు ఆశ ఊరుకోనిస్తేగా! రాయిని దొర్లించుకుంటూ తిర్సా చేనులోకి కొన్ని చాళ్ల మేర తీసుకెళ్లి, అక్కడ గుంట తీసి నిలబెట్టాడు. పాత గుంట పూడ్చేశాడు.

"ఎలాగూ పడిపోయిన రాయే కదా, నేనేమైనా పీకానా?" అని తన మనసుకు తానే సర్దిచెప్పుకున్నాడు.

వాన వెలిశాక తిర్సా వచ్చి చూసి నిలబడిపోయింది.

"అన్నా, రాయి ఉండాల్సింది ఇక్కడ కాదే?"

"వానకు గట్లే కొట్టుకుపోతే నీకు చోటెలా గుర్తుంటుంది? అనుమానముంటే మీ ఆయన్ని వచ్చి అడగమను" అన్నాడు అమర్యా.

చచ్చిపోయినవాణ్ణి వచ్చి అడగమంటాడా! ఎంత మాట! తిర్సాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరి పెద్దల దగ్గరికి వెళ్దామంటే, అంత పేరున్న భక్తుడి ముందు తన మాట ఎవరు వింటారు? పిల్లల్ని తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

కోతలు వచ్చాయి. అక్కడ ఒక ధర్మం ఉండేది. చేను అంచుదాకా కొయ్యకూడదు. అంచున కొంత పైరు బీదలకూ, విధవరాండ్రకూ, పరదేశులకూ వదిలెయ్యాలి. వాళ్లొచ్చి పరిగె ఏరుకుంటారు. అమర్యా ఆ ధర్మం తప్పే మనిషా? అంచున పైరు ధారాళంగా వదిలేశాడు. ఇంతకీ ఆ అంచు ఎక్కడుంది? తిర్సా చేనులోంచి కలుపుకున్న నేలలో! ఇంట్లో గింజ లేక తిర్సా పిల్లల్ని వెంటబెట్టుకుని పరిగెకు వచ్చింది.

"ఏరుకో తల్లీ, మొహమాటపడకు. అంతా దేవుడిచ్చిందే కదా!" అన్నాడు అమర్యా.

చూశారా పెద్దమనిషి తీరు! ఆమె నేల ఆమెకే భిక్ష వేశాడు. పైగా దానం చేశానని ఆ పూట హాయిగా భోంచేశాడు. దేవుడంటే లెక్కలేనివాడికి ఇలాంటి బుద్ధి పుట్టనే పుట్టదు. ఇది భక్తుడు మాత్రమే చెయ్యగల పాపం.

అయితే ఆ అమర్యాకూ ఒక దుఃఖం ఉంది. అతని భార్యకు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. ఇప్పుడు ఆమెకు మళ్లీ నెలలు నిండాయి. ఈ బిడ్డయినా బతకాలంటే తండ్రి దీవెన తలమీద పడాలని అమర్యా ఒక్కటే ఆశ పెట్టుకున్నాడు. వాళ్లలో తండ్రి దీవెన ముందు పొలమెంత, మందలెంత! కన్నుమూసే ముందు తండ్రి పెద్దకొడుకు తలమీద చెయ్యిపెట్టి, నోరారా పలికితే, ఆ మాట ఇక తిరిగిపోదు. కొడుకునీ, వాడి బిడ్డల్నీ ఆ మాటే కాపాడుతుందని వాళ్ల నమ్మిక.

కొన్నాళ్లకు హషబ్యాకు ఊపిరి బరువైంది. కొడుకులిద్దర్నీ పిలిచాడు.

"నన్ను చేనికి తీసుకెళ్లండిరా. మా నాన్న నన్ను గట్టు రాయి దగ్గరే దీవించాడు. నేనూ అక్కడే పలుకుతాను. పొరుగువాళ్లనూ పిలవండి" అన్నాడు.

అది ఆ ఇంటి ఆనవాయితీ. పొరుగుచేనివాళ్లు వచ్చి 'రాయి తన చోటే ఉంది' అని సాక్ష్యం పలకాలి. తండ్రి ఒక చెయ్యి రాయి మీదా, ఒక చెయ్యి కొడుకు మీదా పెట్టి ఆ సాక్ష్యం వింటాడు, ఆ తర్వాతే దీవిస్తాడు. సాక్ష్యం పలికాక ఆ నేల గురించి మరి తగువుండదు. "ఇంట్లోనే దీవించు నాన్నా, ఎండ దెబ్బ తగులుతుంది" అన్నాడు అమర్యా. ముసలాయన వినలేదు.

అన్నదమ్ములిద్దరూ తండ్రిని మంచంతో సహా మోసుకెళ్లి రాయి పక్కన దించారు. తిర్సా వచ్చి దూరంగా నిలబడింది. హషబ్యా అటూ ఇటూ పరికించి చూశాడు.

"రాయి నా కంటికి ఎందుకో తేడాగా ఉంది. గట్లన్నీ కొత్తగా వేశారు కదా, అందుకేనేమోలే" అన్నాడు. తర్వాత పెద్దకొడుకును పిలిచాడు. అమర్యా మోకరించాడు. తండ్రి ఒక చెయ్యి రాయి మీద ఉంచి, రెండో చెయ్యి కొడుకు తలమీద ఆనించాడు.

"అమ్మా తిర్సా, నువ్వు చెప్పు. రాయి తన చోటే ఉందా?"

తిర్సా రాయి వైపు చూసింది. అవునంటే ఆ నేల తన పిల్లలకు ఇక ఏనాటికీ లేదు. కాదంటే ఈ ముసలాయన తన కొడుకు దొంగ అని తెలుసుకుని కుమిలి చస్తాడు. తన మొగుడు పోయిన రోజున ఈ పెద్దాయనే లేవలేక లేచి, ఇంకొకరి భుజం పట్టుకుని వచ్చి, తనతోపాటు నేలమీద కూర్చుని ఏడ్చాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు.

అమర్యా తలెత్తి ఆమెను చూశాడు. ఆమె ఏం చెప్పబోతోందో అతనికి అర్థమైంది. 'చెప్పెయ్యి, చెప్పెయ్యి' అని సగం మనసు తొందరపెట్టింది. మిగతా సగానికి ముచ్చెమటలు పట్టాయి. తండ్రి నోటి దీవెన నిజమైతే యాజకుడి నోటి శాపం మాత్రం అబద్ధమెలా అవుతుంది? తండ్రి చెయ్యి ఇప్పుడు రాయిమీదే ఉంది. రాయి మీద ఉన్నది శాపం. ఆ చెయ్యి గుండా దీవెన వస్తుందా, శాపం వస్తుందా? వస్తే ఎవరి నెత్తిన పడుతుంది? పుట్టబోయే పసిగుడ్డు నెత్తినే కదా!

"రాయి..." అని తిర్సా మొదలుపెట్టింది. "రాయి తన చోటే..."

"వద్దు!" అని అమర్యా పెద్దగా అరిచాడు. "ఆ మాట అనకు తిర్సా! నాన్నా, ఇది రాయి చోటు కాదు. నేనే జరిపాను. ఆమె నేల నేనే కలుపుకున్నాను, ఆమె పైరే ఆమెకు పరిగెగా వదిలాను."

హషబ్యా కొడుకు తలమీద నుంచి చెయ్యి తీసేశాడు.

"విధవరాలి నేల తిన్నావట్రా?" అన్నాడు. "ఆమె పైరు ఆమెచేతే పరిగె ఏరించావా? నా కడుపున పుట్టి?"

జక్కూరు తండ్రి కాళ్లు పట్టుకున్నాడు.

"నాన్నా, నీకు ఓపిక లేదు. ముందు అన్నను దీవించెయ్యి. రాయి మేం తర్వాత పెట్టుకుంటాం."

"దొంగ సొమ్ము మీద నిలబడ్డవాడికి నా నోరు తెరవను" అన్నాడు హషబ్యా. "ముందు రాయి దాని చోటికి పోవాలి. నువ్వు పట్టొద్దు జక్కూరూ. జరిపినవాడే మోయాలి."

అమర్యా లేచి రాయి మొదట్లో మట్టి తవ్వాడు. ఆనాడు పల్లానికి దొర్లిన రాయి ఇవాళ మిట్టకు కదలనంది. భుజం ఆనించి నెట్టాడు. గోళ్లు చిట్లి నెత్తురొచ్చింది. నెట్టిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, తండ్రి ఛాతీ లేస్తోందా లేదా అని చూసుకున్నాడు. 'దేవా, కాసేపు ఆయన్ని ఉండనియ్యి, కాసేపు చాలు' అని గొణుక్కున్నాడు. చేతులు జోడించే తీరిక లేదు. అమర్యా బతుకులో మనసారా చేసిన ప్రార్థన అదొక్కటేనేమో.

తిర్సా ముందుకెళ్లి పాత గుంట ఉన్న చోటు చూపించింది. "ఇక్కడన్నా" అంది. అమర్యా ఆ గుంట మళ్లీ తవ్వి, రాయిని అందులో దించి నిలబెట్టాడు. ఒక్క పరుగున వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"పెట్టేశాను నాన్నా! పలుకు!"

హషబ్యా కళ్లు తిప్పి రాయి వైపు చూశాడు. ఆయన మొహం తేటపడింది. చెయ్యెత్తి కొడుకు తలమీద పెట్టాడు. పెదవులు కదిలాయి. కానీ మాట రాలేదు. మరోసారి కదిలాయి. అంతే, ఆయన ఊపిరి ఆగిపోయింది.

"నాన్నా! ఒక్క మాట! ఒక్క మాట నాన్నా!" అని అమర్యా గుండెలు పగిలేలా ఏడ్చాడు. నోట పలకని దీవెన దీవెన కాదని అక్కడ అందరికీ తెలుసు. జక్కూరు కూడా అన్నను ఓదార్చలేక తల దించుకున్నాడు. వేలి దూరం దాకా వచ్చిన దీవెన తన తప్పువల్లే చేజారిపోయింది. పుట్టబోయే బిడ్డకు ఏ మాట అండ?

అప్పుడు తిర్సా దగ్గరికి వచ్చింది.

"పెద్దయ్య చెయ్యి పెట్టాడు. మాట నేను పలుకుతాను" అంది.

అమర్యా తెల్లబోయాడు. "నువ్వా? నేను నీకు చేసినదానికి నన్ను తిట్టాలి తిర్సా."

"తిట్టుకున్నాను. పరిగె ఏరిన రోజున కడుపు మండి చాలానే తిట్టుకున్నాను" అంది తిర్సా. "విధవరాలి ఏడుపు దేవుడి చెవిన పడుతుందంటారే, మరి దీవిస్తే పడదా? ఆ తిట్లన్నీ ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను."

ఆమె తన చెయ్యి ఆ చనిపోయిన ముసలాయన చేతిమీద పెట్టింది. "హషబ్యా కొడుకా, నీ కష్టం నీకు దక్కాలి. నీ ఇంట పుట్టే బిడ్డ బతకాలి, బట్టకట్టాలి. నా బిడ్డలూ నీ బిడ్డా ఒకరి గట్టుకు ఒకరు భయపడకుండా ఆడుకోవాలి. ఇశ్రాయేలు దేవుడు ఈ మాట వినాలి."

"ఆమేన్" అన్నాడు జక్కూరు. అమర్యా ఆ రెండు చేతుల కింద తల వంచాడు.

అన్యాయంగా కలుపుకున్నది తిరిగివ్వకుండా దేవుడి దీవెన కోరుకోకూడదు. మనం ఏడిపించిన మనిషి మనసు కరిగి మన మేలు కోరితే, అంతకు మించిన దీవెన లేదు.