ఓడినవాళ్ల బంతి

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక వాగు. వాగుకి ఇవతల ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, అవతల ఇంకో ఫుట్‌బాల్ క్లబ్బు. రెండింటికీ ఉప్పూ నిప్పూ. ఇవతలి దుప్పులు కనబడితే అవతలి కుందేళ్లు పళ్లు నూరేవి.

నిజానికి పిల్లలూ, మొదట్లో ఆ రెండూ ఒకటే క్లబ్బు. ఒక వానాకాలం వాగు పొంగి, దారి మార్చుకుని, ఆడుకునే మైదానాన్నే రెండు ముక్కలు చేసింది. సగం ఆటగాళ్లు అటు, సగం ఇటు. బంతి మాత్రం ఒక్కటే. దాన్ని కుట్టింది ముళ్లపంది సూరమ్మ. తన వీపు మీది ముల్లే సూది, గోగునారే దారం, లోపల బూరుగు దూది. ఆ బంతి కోసం రెండు జట్లూ కలబడితే, ఇవతలి ఒడ్డు సూరమ్మా, అవతలి ఒడ్డు కుందేలు పోలయ్యా కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. ఏడాదికొక్క మ్యాచి. ఓడినవాళ్లు బంతి పట్టుకుపోవాలి. సాధన అవసరం వాళ్లకే కదా.

అలా చాలా ఏళ్లు సాగింది. ఒకేడు వీళ్లు, ఒకేడు వాళ్లు. ఏ జట్టూ వరసగా మూడుసార్లు గెలిచింది లేదు. అందుకే మ్యాచి రోజున అడవంతా వాగొడ్డున వాలిపోయేది.

ఒక ఏడు ఇవతలివాళ్లు గెలిచారు. అప్పుడే క్లబ్బుకి ప్రెసిడెంటయ్యాడు నక్క గంగులు. పుట్టి బుద్ధెరిగాక బంతిని ఒక్కసారి తన్నిన పాపాన పోలేదు. పోలయ్య వాడుక ప్రకారం బంతి కోసం వస్తే, వాడు దాన్ని చంకలో ఇరికించుకున్నాడు.

“గెలిచింది మేము. ఇవాళ్టి నుంచి గెలిచినవాళ్లదే బంతి,” అన్నాడు.

సూరమ్మకి ఒళ్లు మండిపోయింది. ఇది అన్యాయమని అందరి ముందూ అనేసింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారిట, కుట్టుకునేవాళ్లకి పెత్తనాలెందుకని గంగులు వెక్కిరించాడు. బంతి మీద వెయ్యి కుట్లుంటే వెయ్యీ ఆమెవే, ఆమెకే మాట్లాడే హక్కు లేదట! వింటున్నారా విడ్డూరం? దుప్పుల్లో ఒక్కటి నోరు మెదిపితే ఒట్టు. పోలయ్య ఖాళీ చేతులతో వాగు దాటి వెళ్లిపోయాడు. సూరమ్మ తల దించుకుని ఇంటికి నడిచింది.

గంగులు అక్కడితో ఆగాడా? బంతిని తన గుహ ముందు వేలాడదీసి దండ వేశాడు. పక్కన ఈ క్లబ్బు పెట్టింది మా తాతేనని బోర్డు రాయించాడు. వాళ్ల తాతకి బంతి గుండ్రంగా ఉంటుందో పలకగా ఉంటుందో తెలిస్తేగా! సూరమ్మ మూడుసార్లు గుహకి వెళ్లి, అవతలివాళ్లకివ్వకపోతే మానె, మన దుప్పుల్నయినా ఆడుకోనివ్వమని అడిగింది. మొదటిసారి మాసిపోతుందన్నాడు. రెండోసారి చిరిగిపోతుందన్నాడు. మూడోసారి గుహలోంచి బయటికే రాలేదు. దుప్పులు బంతికి దణ్ణం పెట్టుకుని, మేత మేసి, బలిశాయి.

ఇక రోజూ పొద్దున్నే అవతలి ఒడ్డు నుంచి దబ్బు దబ్బుమని చప్పుడు. సూరమ్మ వెళ్లి చూస్తే, కుందేళ్లు తాటికాయలు తన్నుతున్నాయి. కాళ్లు వాచినా మానలేదు. అది చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

మళ్లీ మ్యాచి రోజు వచ్చింది. తాటికాయలు తన్నిన కాళ్లకి బూరుగు దూది బంతి ఒక లెక్కా? కుందేళ్లు అయిదు గోల్సు కొట్టాయి. దుప్పులు ఒక్కటీ కొట్టలేక రొప్పుతూ కూలబడ్డాయి.

ఈల మోగిందో లేదో, గంగులు మైదానంలోకొచ్చి, పోలయ్య ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. పెద్దల నాటి కట్టుబాటు తప్పకూడదన్నాడు. ఓడింది తామే గనక బంతి తమకే రావాలన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు!

దుప్పులు ఆశగా సూరమ్మ వైపు చూశాయి. అవునని ఆమె ఒక్క మాటంటే చాలు, బంతి ఇల్లు చేరుతుంది. సూరమ్మ వీపు మీది ముళ్లన్నీ నిక్కపొడుచుకున్నాయి.

“కట్టుబాటు నీకు పనికొచ్చినప్పుడే గుర్తొస్తుందా గంగులూ? ఏడాదంతా వాళ్ల వంతు దొంగిలించాం. మన క్లబ్బు పేరు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది నాకు,” అంది. బంతిని దొర్లించుకెళ్లి పోలయ్య కాళ్ల దగ్గర పెట్టింది.

పోలయ్య దాన్ని మళ్లీ ఆమె వైపే తోశాడు.

“గెలిచినవాళ్లదే బంతి అన్నది వాడి మాట. నీదీ నాదీ ఆ మాట కాదుగా సూరమ్మా. ఓడారు, పట్టుకుపొండి. కాకపోతే దండలేసి వేలాడదీయకండి, తన్నండి.”

దుప్పులు సిగ్గుతో చితికిపోయాయి. తిన్నగా గుహకి వెళ్లి బోర్డు పీకి వాగులో పారేశాయి. గంగులు ప్రెసిడెంటుగిరీ దాంతోపాటే కొట్టుకుపోయింది.

కిందటేడు గెలిచి తల దించుకున్న సూరమ్మ, ఈ ఏడు అయిదు గోల్సు తిన్న జట్టు వెంట తలెత్తుకుని ఇంటికి నడిచింది.

నీతి: ఎదుటివాడి వంతు లాక్కుని గెలుపని మురిసేవాడు, ఆటా మరిచిపోతాడు, పరువూ పోగొట్టుకుంటాడు.