తడి దూది

పెద్ద నూనెరంగుల బొమ్మ ఒకటుంది. అందులో ఒక పొట్టేలుంది. బొమ్మంతా చిమ్మచీకటి, నడిమధ్యన మాత్రం పట్టపగల్లా వెలుగు. ఆ వెలుగులో ఒక ముసలాయన, దేవుడడిగాడని కన్నకొడుకునే కట్టెల మీద పడుకోబెట్టి కత్తెత్తాడు. దేవదూత పైనుంచి ఊడిపడి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కొడుకొద్దు! అదిగో, ఆ పొట్టేల్ని కొయ్యి!" అన్నాడు.

మూలన పొదలో కొమ్ములిరుక్కుని ఉన్న పొట్టేలుకి గుండె గుభేలుమంది. మధ్యలో నేనేం చేశానర్రా అనుకుంది పాపం.

అయితే ముసలాయన మహా నిక్కచ్చి మనిషి. "అది ఒప్పుకోందే కొయ్యను. నీళ్లు చల్లితే ఒళ్లు విదిలించాలి. అప్పుడే ఒప్పుకున్నట్టు. మా తాతలనాటి పద్ధతి" అన్నాడు.

నూనెరంగుల బొమ్మలో నీళ్లెక్కడివి? ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. ఏళ్లూ పూళ్లూ గడిచాయి. దేవదూతకి చెయ్యి లాగేసింది. కొడుక్కి కట్టెలు వీపులో గుచ్చుకున్నాయి. పొట్టేలు మాత్రం ఎంచక్కా చీకట్లో ఆకులు నములుతూ ఒళ్లు చేసింది.

ఒకరోజు బొమ్మలు శుభ్రం చేసే ఆవిడ వచ్చింది. చేతిలో తడి దూది.

"నీళ్లొచ్చాయి!" అని దేవదూత కేకేశాడు.

"హమ్మయ్య, నా నడుము బతికింది. ఏమనుకోకు పొట్టేలూ" అన్నాడు కొడుకు.

"అనుకోనా మరి? చచ్చేది నేను కదా!"

ఆవిడ తిన్నగా వచ్చి ఆ దూది పొట్టేలు వీపు మీదే పెట్టింది. అబ్బబ్బ, ఏం చల్లదనం! చెవుల్లో చక్కిలిగింత, తోకలో చక్కిలిగింత. పొట్టేలు పళ్లు బిగబట్టింది, ఊపిరి బిగబట్టింది. ముగ్గురూ కళ్లార్పకుండా చూస్తున్నారు.

"మా నాయనే కదూ, విదిలించరా. ఒక్కసారి, చిన్నగా" అని దేవదూత బతిమాలాడు.

కళ్లమ్మట నీళ్లు కారాయిగానీ, పొట్టేలు వెంట్రుకైనా కదపలేదు.

ఆవిడ మళ్లీ దూది ముంచి, సరిగా పిండకుండానే చెయ్యి పైకెత్తింది. ఒక చుక్క ముసలాయన మెడ మీద పడి వీపులోకి జారింది.

"హుహుహూ!" అని ముసలాయన నెత్తి నుంచి గడ్డం దాకా ఒళ్లంతా విదిలించాడు.

దేవదూత నెమ్మదిగా ఆయన చెయ్యి వదిలేశాడు.

"చలేసిందిరా బాబూ! ఒప్పుకోవడం కాదు, చలి!" అన్నాడు ముసలాయన బిక్కమొహం వేసి.

"మావాళ్లందరికీ చలే వేసింది తాతా" అంది పొట్టేలు.

మర్నాడు శుభ్రం చేసే ఆవిడ వచ్చి చూసి లబోదిబోమంది. ముసలాయన చేతిలో కత్తి లేదు. రుద్దీ రుద్దీ తానే తుడిచేశాననుకుంది.